‘స్విచ్’ పాఠము – కంఠస్థ విద్య

విద్యను గురించిన వ్యాసము లేని కళాశాల సంచిక ఉండదు. విద్య వినయమును ఒసగుననీ, విజ్ఞానము లేని జాతి వెనుకబడుననీ పెద్దలు ప్రతి సంవత్సరము చెబుతూనే ఉన్నారు. ఆ మాటలను మేము కాదనడం లేదు. అయితే ఈసారి అంత పెద్ద మాటలు కాక, మొదటి సంవత్సరపు కంప్యూటర్ తరగతిలో ఒక్క పీరియడ్‌లో ముగిసిపోయే ఒక చిన్న పాఠాన్ని గురించి మాట్లాడదలచినాము. ఆ పాఠం పేరు ‘స్విచ్’. ఇంత చిన్న విషయానికి ఇన్ని పుటలు అవసరమా అని పాఠకులు అడుగవచ్చు. మన కంప్యూటర్ విద్యలో ఉన్న లోపమంతా ఆ ఒక్క పాఠంలో అద్దంలో వలె కనబడుతున్నదని మా అభిప్రాయం.

మేము కోనరావుపేట మండలంలోని నిమ్మపల్లి, మర్రిమడ్ల, వట్టిమల్ల వంటి గ్రామాల నుండి ఉదయం బస్సు పట్టుకొని వచ్చి చదువుకుంటున్న చివరి సంవత్సరపు విద్యార్థులము. మాలో కొందరి ఇండ్లలో తెలుగు, కొందరి ఇండ్లలో ఉర్దూ. మా మండలం 2016 అక్టోబరు 11 వరకు కరీంనగర్ జిల్లాలో ఉండేది. ఆనాటి నుండి రాజన్న సిరిసిల్ల జిల్లాలో చేరినది. మా ఇండ్లలో కొందరి తండ్రులు సేద్యగాండ్రు, కొందరి తండ్రులు సిరిసిల్ల సాంచాల మీద పని చేసినవారు, మరికొందరి తండ్రులు గల్ఫ్ దేశాలకు వెళ్ళినవారు. మా కుటుంబాలలో కంప్యూటర్ మీట మీద వేలు పెట్టిన మొదటి తరం మాదే. కనుక ఈ విద్య మాకు వినోదం కాదు, జీవనాధారం. అది సరిగా అందకపోతే మాకు మరొక దారి చూపే వారు ఇంటిలో లేరు.

ముందుగా ఒక అనుభవం చెబుతాము. మొదటి సంవత్సరపు ప్రయోగ పరీక్షలో మా మిత్రునికి కూడిక, తీసివేత, గుణకారము, భాగహారము చేయు ప్రోగ్రాం వచ్చినది. ‘స్విచ్’ ఉపయోగించి రాయవలెనని ప్రశ్న. రికార్డు పుస్తకంలో ఆ ప్రోగ్రాం ఉన్నది. అందరము దానిని పదిసార్లు చదివి నోటికి పట్టినాము. మిత్రుడు గబగబా టైపు చేసినాడు. తప్పులు లేవని యంత్రం కూడా ఒప్పుకున్నది. పరీక్షకులు కూడిక గుర్తు నొక్కి, ఎనిమిది, సున్న అను రెండు సంఖ్యలు ఇచ్చినారు. తెరపై మొదట ఎనిమిది వచ్చినది. అది సరియైన జవాబు. కాని వెంటనే మరొక ఎనిమిది, దాని క్రింద సున్న, ఆ పిమ్మట ‘డివైడ్ ఎర్రర్’ అను రెండు మాటలు కనబడినవి, ప్రోగ్రాం ఆగిపోయినది. “నీవు కూడిక అడిగితే యంత్రం భాగహారం ఎందుకు చేసినది?” అని పరీక్షకులు అడిగినారు. మిత్రుడు తల వంచుకున్నాడు.

ఈ కథలో విచారించవలసిన భాగం అది కాదు. ఆ ప్రక్కనే ప్రోగ్రాం సరిగా నడిచిన మేము పదిమందిమి కూర్చుని ఉన్నాము. ఆ ప్రశ్నకు మాలో ఒక్కరికీ జవాబు తెలియదు. మాకు పూర్తి మార్కులు వచ్చినవి. ‘చదవేస్తే ఉన్న మతి పోయినట్లు’ అని పెద్దలు ఊరకే అనలేదు.

జవాబు తరువాత తెలిసినది. సి భాషలో ‘స్విచ్’ అనునది ఒక విలువను చూచి, ఆ విలువ పేరు రాసియున్న ‘కేస్’ దగ్గరకు ఒక్క గంతులో చేరుకొనుట మాత్రమే. చేరిన తరువాత అక్కడి నుండి క్రిందికి వరుసగా అన్ని ఆజ్ఞలను నెరవేరుస్తూ పోతుంది. తరువాతి కేసు వచ్చినది గదా, అది నాకు సంబంధించినది కాదు గదా అని ఆలోచించదు. ‘బ్రేక్’ అను మాట కనబడినప్పుడే బయటకు వస్తుంది. మా మిత్రుడు నాలుగు చోట్ల ఆ ఒక్క మాట మరచినాడు. అందుచేత కూడిక గడపలో కాలు పెట్టిన యంత్రం తీసివేత, గుణకారాల మీదుగా నడచి భాగహారంలో పడినది. ఎనిమిదిని సున్నతో భాగించుట ఎవరి వల్ల అవుతుంది?

ఈ సంగతిని మాకు విడమరచి చెప్పినది మా తరగతిలోని ఒక ఉర్దూ మిత్రుడు. “భాయ్, ప్రతి కేసు చివర ‘బస్’ అనాలి. నీవు బస్ అనకపోతే వడ్డించేవాడు వడ్డిస్తూనే ఉంటాడు” అన్నాడు. దావత్‌లో కూర్చున్న ఎవరికైనా తెలిసిన మాట అది. ఆ క్షణం నుండి మాలో ఎవరూ ‘బ్రేక్’ మరువలేదు. రికార్డులో పదిసార్లు రాసినా తలకెక్కనిది ఒక్క ‘బస్’తో ఎక్కినది.

రెండవ పాఠం కూడా అట్లే నేర్చినాము. పుస్తకంలోని ప్రోగ్రాం మొదట గుర్తును అడిగి, పిదప సంఖ్యలను అడుగుతుంది. మేము సొంతంగా రాసి చూద్దామని సంఖ్యలు ముందు, గుర్తు తరువాత అడిగినాము. ప్రోగ్రాం గుర్తు కోసం ఆగనే లేదు. ‘తప్పు ఎంపిక’ అని చెప్పి ముగిసినది. యంత్రం చెడిపోయినదేమో అనుకున్నాము. విచారించగా తెలిసినదేమనగా, సంఖ్య టైపు చేసిన తరువాత మనం నొక్కే ఎంటర్ మీట కూడా యంత్రానికి ఒక అక్షరమే. అది లోపల మిగిలి ఉండి, గుర్తు స్థానంలో చదవబడినది. అది కూడిక కాదు, తీసివేత కాదు, ఏదీ కాదు. అందుచేత ‘డిఫాల్ట్’ దగ్గరకు పోయినది. ‘డిఫాల్ట్’ రాయకుండా ఉండినట్లయితే ప్రోగ్రాం ఏమీ పలుకక మౌనంగా ముగిసేది. తప్పు ఎక్కడ ఉన్నదో వెదకుటకు దారి కూడా దొరికేది కాదు. ఏదీ కాని దానికి కూడా ఒక జవాబు సిద్ధంగా ఉంచవలెనని మాకు ఆనాడు తెలిసినది.

ఒకటి అను అంకె వేరు, ఒకటి అను అక్షరం వేరు అను సంగతి కూడా ఇక్కడే బోధపడినది. కొటేషన్ గుర్తుల మధ్య రాసిన ఒకటికి యంత్రం లోపల ఉన్న విలువ 49. వినియోగదారుడు మీట మీద నొక్కిన ఒకటిని అక్షరంగా చదివి, కేసు దగ్గర మాత్రం ఉత్త ఒకటి అని రాస్తే ఆ రెండూ ఎన్నటికీ కలియవు. కంటికి రెండూ ఒకటే, యంత్రానికి కావు. ఇది తెలియని విద్యార్థి పుస్తకం తప్పనో, యంత్రం తప్పనో నిందిస్తాడు.

కేసుల నడుమ ‘బ్రేక్’ లేకపోవుట అన్ని వేళలా దోషం కాదని కూడా చెప్పవలెను. నెలకు ఎన్ని రోజులో చెప్పే ప్రోగ్రాం తీసుకుందాము. ఒకటి, మూడు, ఐదు, ఏడు, ఎనిమిది, పది, పన్నెండు నెలలకు ముప్పది ఒక్క రోజులు. ఈ ఏడు కేసులను ఒకదాని క్రింద ఒకటి రాసి, చివర ఒక్కసారి 31 అని చెప్పి ‘బ్రేక్’ పెడితే చాలు. నాలుగు, ఆరు, తొమ్మిది, పదకొండుకు 30. ఫిబ్రవరికి మాత్రం లీపు సంవత్సరమా కాదా అని వేరుగా అడుగవలెను. పదమూడవ నెల అడిగినవానికి ‘డిఫాల్ట్’ జవాబు చెబుతుంది. మా మిత్రునికి శత్రువైన జారుడే ఇక్కడ సేవకుడైనది. తెలిసి వదిలిన ‘బ్రేక్’ నేర్పు. తెలియక వదిలిన ‘బ్రేక్’ తప్పు. రెండింటికీ కాగితం మీద భేదం కనబడదు, మనసులో మాత్రమే ఉంటుంది. కంఠస్థం చేసినవానికి ఆ భేదం ఎన్నటికీ అందదు.

అట్లే ‘స్విచ్’ ఎక్కడ వాడరాదో తెలియుట కూడా విద్యలో భాగమే. మా ప్రాంతానికి విద్యుత్తు అందించునది 1970లో ఏర్పడిన సిరిసిల్ల సహకార విద్యుత్ సరఫరా సంఘము. ‘సెస్’ అంటే ఇక్కడ తెలియనివారు లేరు. ఇంటి బిల్లు యూనిట్ల శ్రేణులను బట్టి మారుతుంది. ఇన్ని యూనిట్ల వరకు ఒక రేటు, అది దాటితే మరొక రేటు. ఇటువంటి హద్దుల లెక్కకు సి భాషలోని ‘స్విచ్’ తగదు. ఎందుకనగా కేసు దగ్గర ఒక స్థిరమైన పూర్ణసంఖ్య గాని అక్షరం గాని ఉండవలెనే తప్ప ‘ఇంతకు మించి’ అనుటకు వీలు లేదు. అక్కడ ‘ఇఫ్’, ‘ఎల్స్’లే శరణ్యము. మార్కులకు గ్రేడు ఇచ్చునప్పుడు మాత్రం ఒక ఉపాయం ఉన్నది. మార్కులను పదితో భాగించి శేషం వదలివేస్తే తొంబది నుండి తొంబది తొమ్మిది వరకు అన్నీ తొమ్మిది అవుతవి, నూరు పది అవుతుంది. పది, తొమ్మిది అను రెండు కేసులను కలిపి రాస్తే సరిపోవును. హద్దులు సమానంగా ఉన్నవి కనుక ఈ ఉపాయం సాగినది. ఈ తారతమ్యం ఆలోచించుటయే ప్రోగ్రామింగ్ అని మా నమ్మకం.

మరి ‘ఇఫ్’ ఉండగా ‘స్విచ్’ ఎందుకు అని అడుగవచ్చు. ‘ఇఫ్’ల వరుస బస్టాండులో కొత్తగా దిగిన మనిషి వంటిది. ప్రతి బస్సు దగ్గరకు పోయి ఇది వేములవాడ బస్సా, ఇది కామారెడ్డి బస్సా అని అడుగుతూ పోతాడు. ‘స్విచ్’ ప్లాట్‌ఫారం సంఖ్యల బోర్డు వంటిది. ఊరి పేరు చూచి సరాసరి ఆ సంఖ్య దగ్గరకు పోవచ్చును. కేసుల విలువలు దగ్గరదగ్గరగా ఉన్నప్పుడు కంపైలర్ నిజంగానే అటువంటి పట్టిక ఒకటి తయారు చేసి, ఆ పట్టికలోని చిరునామాకు నేరుగా గంతు వేయిస్తుంది. అంతకంటె ముఖ్యమైనది చదివేవారి సౌకర్యం. ఒకే ప్రశ్నకు ఎన్ని జవాబులున్నవో ఒక్క చూపులో కనబడుతవి.

ఈ ఎంపిక అను భావం మా ప్రాంతానికి కొత్తది కాదు. సిరిసిల్లలో సాంచాల చప్పుడు మధ్య పెరిగినవారికి పడుగు, పేక అను మాటలు పలకా బలపముల కంటె ముందే తెలుసు. ఫ్రాన్సు దేశస్థుడైన జకార్డ్ 1804లో తన మగ్గానికి అట్టముక్కలు అమర్చినాడు. అట్టలో రంధ్రం ఉన్నచోట పడుగు పోగు లేస్తుంది, లేనిచోట లేవదు. ఏ పోగు లేవవలెనో ముందుగా రాసిపెట్టిన ఆజ్ఞల వరుస అది. ఆ అట్టలనే చార్లెస్ బాబేజ్ తాను ఊహించిన గణన యంత్రానికి తీసుకున్నాడు. ఆ యంత్రాన్ని గురించి ఏడా లవ్‌లేస్ 1843లో విపులమైన వ్యాఖ్య ప్రచురించినది. కంప్యూటర్ వంశవృక్షానికి మగ్గమే ఒక వేరు. నేతన్న బిడ్డకు కంప్యూటర్ పరాయి విద్య అని చెప్పేవారు ఈ సంగతి గుర్తుంచుకోవలెను.

ఒక్క ‘బ్రేక్’ మాటకు ఇంత ప్రాధాన్యమా అని అనుమానించేవారికి ఒక చరిత్ర చెబుతాము. సి భాషను 1970 దశాబ్దపు తొలి సంవత్సరాలలో డెనిస్ రిచీ అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో రూపొందించినాడు. ఆ ప్రయోగశాల ఏటీ అండ్ టీ అను టెలిఫోన్ సంస్థది. 1990 జనవరి 15న అదే సంస్థ యొక్క దూరప్రాంత టెలిఫోన్ వ్యవస్థ కుప్పకూలినది. ఒక కేంద్రంలోని యంత్రం కొద్దిసేపు ఆగి, తిరిగి పని మొదలుపెట్టినట్లు పొరుగు యంత్రాలకు సందేశం పంపినది. ఆ సందేశాన్ని సవరించుకుంటున్న పొరుగు యంత్రాలకు వెనువెంటనే మరొక సందేశం అందగా అవి కూడా తడబడి తిరిగి మొదలైనవి. అవి తమ పొరుగువానిని తడబాటులో పడవేసినవి. ఈ విధంగా 114 కేంద్రాలలో సుమారు తొమ్మిది గంటల పాటు ఆ అంటువ్యాధి సాగినది. సుమారు 7 కోట్ల కాల్స్ అందకుండా పోయినవి. కారణం వెదకగా, కొద్ది వారాల క్రితం కొత్తగా చేర్చిన ప్రోగ్రాంలో, ‘స్విచ్’ లోపలి ఒక ‘ఇఫ్’లో పెట్టిన ఒక్క ‘బ్రేక్’ అని తేలినది. రాసినవాడు ఒకచోటి నుండి బయటపడుతుందని తలచినాడు. అది మరొకచోటి నుండి బయటపడినది. మా మిత్రుడు ‘బ్రేక్’ మరచినాడు. ఆ మహానుభావుడు పెట్టరానిచోట పెట్టినాడు. సి పుట్టిన ఇంటిలోనే ఇది జరిగినదంటే, మొదటి సంవత్సరం విద్యార్థిని పరిహసించుటకు ఎవరికీ హక్కు లేదు. అదే సమయంలో ఆ విషయాన్ని అర్థం కాకుండా దాటవేయుటకు కూడా ఎవరికీ హక్కు లేదు.

ఈ అనుభవాల వల్లనే తరువాతి భాషలు జాగ్రత్తపడినవి. 2009లో వెలువడిన గో, 2014లో వచ్చిన స్విఫ్ట్ భాషలలో కేసు ముగియగానే యంత్రం తనంత తానే బయటకు వస్తుంది. క్రిందికి జారవలెనంటే ఆ మాట ప్రత్యేకంగా రాయవలెను. జావాలో 2020 నుండి బాణం గుర్తుతో రాసే కొత్త పద్ధతి స్థిరపడినది. అందులో జారుడు లేదు. పైథాన్ భాషలో ఇటువంటి నిర్మాణమే చాలాకాలం లేదు. 2021లో ‘మ్యాచ్’ అను పేరుతో వచ్చినది. పాత భాషలోని ముల్లు ఎక్కడ గుచ్చుకున్నదో తెలిసినవానికే కొత్త భాషలోని చెప్పుల విలువ తెలుస్తుంది.

ఇక ‘డిఫాల్ట్’ను గురించి మరొక మాట. మా మిత్రులలో ఒకరు ఒక దరఖాస్తును కంప్యూటర్‌లో నింపుతుండగా మాతృభాష అను గడి వచ్చినది. ఇచ్చిన పట్టికలో ఉర్దూ లేదు. ‘ఇతరములు’ అను మాట కూడా లేదు. ఏదో ఒకటి ఎంచుకోనిదే తరువాతి పుట తెరుచుకోదు. చివరి తేదీ ఆనాడే. ఆ అమ్మాయి తన తల్లి మాట్లాడే భాషను కాదని, పట్టికలో ఉన్న మరొక భాషను నొక్కి ముందుకు పోయినది. ఆ దరఖాస్తును తయారు చేసినవారికి దురుద్దేశం ఉన్నదని మేము అనుకోవడం లేదు. వారు కూడా మా వలెనే ఎక్కడో ‘స్విచ్’ పాఠం కంఠస్థం చేసి ఉంటారు. ‘డిఫాల్ట్’ పుస్తకంలో చివరి రెండు పంక్తులు. పరీక్షలో వదిలినా మార్కులు పోవు. కాని వారు వదిలిన ఆ రెండు పంక్తులలో మా సోదరి నిలబడి ఉన్నది. తాను ఊహించని మనిషి కూడా తన గడపకు రావచ్చునని తలచుట ప్రోగ్రామరుకు సంస్కారం. ఆ సంస్కారం అల్పసంఖ్యాక వర్గాల కోసం నెలకొల్పిన కళాశాలలో నేర్పకపోతే మరెక్కడ నేర్పుతారు?

భాష సంగతి వచ్చినది కనుక దానిని కూడా ప్రస్తావిస్తాము. కీలక పదాలు ఆంగ్లంలోనే ఉండవలెను. అందులో మాకు భేదాభిప్రాయం లేదు. కాని వివరణ కూడా ఆంగ్లంలోనే, అదీ పుస్తకంలోని వాక్యాలనే చదివి వినిపించినట్లయితే గ్రామాల నుండి వచ్చినవారికి ఏమి మిగులుతుంది? ‘ఇఫ్’, ‘ఎల్స్’ అంటే తెలుగులో ‘అయితే’, ‘లేకుంటే’. ఉర్దూలో ‘అగర్’, ‘వర్నా’. ఈ నాలుగు మాటలు చెప్పుటకు అర నిమిషం పట్టదు. మాతృభాషలో ఆలోచిస్తే విజ్ఞానం అందదను భయం నిరాధారం. 1918లో ప్రారంభమైన ఉస్మానియా విశ్వవిద్యాలయం మూడు దశాబ్దాల పాటు విజ్ఞానశాస్త్రాలను ఉర్దూలోనే బోధించినది. అందుకోసం ఒక అనువాద విభాగమే పని చేసినది. 1968లో స్థాపితమైన తెలుగు అకాడమి శాస్త్ర గ్రంథాలను తెలుగులో వెలువరించినది. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి తెలుగు మాధ్యమంలో పాఠశాల విద్య ముగించిన రాజ్ రెడ్డి 1994లో కంప్యూటర్ రంగంలో అత్యున్నతమైన ట్యూరింగ్ పురస్కారం అందుకున్నారు. మా వేములవాడ ప్రాంతంలోని హనుమాజీపేటలో 1931లో జన్మించిన సి. నారాయణరెడ్డి ఉర్దూ మాధ్యమంలో చదువుకొని తెలుగులో మహాకవియై, 1988 సంవత్సరపు జ్ఞానపీఠ పురస్కారం పొందినారు. ఒక భాషలో నేర్చినది మరొక భాషలో పూయునని నిరూపించిన ప్రాంతం మనది. ‘ఆల్గరిదమ్’ అను మాటయే తొమ్మిదవ శతాబ్దంలో బాగ్దాదులో గణితం రాసిన అల్ ఖ్వారిజ్మీ పేరు నుండి వచ్చినది. జ్ఞానం ఏ ఒక్క భాష సొత్తూ కాదు.

మా వాదానికి కొన్ని ఆక్షేపణలు ఉన్నవని ఎరుగుదుము. మొదటిది, సిలబస్ పెద్దది, సమయం తక్కువ అనునది. ఇది నిజమే. కాని రికార్డు పుస్తకంలో ప్రోగ్రాములను చేతితో నకలు చేయుటకు మేము వెచ్చించిన గంటలు లెక్కిస్తే ‘స్విచ్’ వంటి పాఠాలు నాలుగు అర్థమయ్యేవి. రెండవది, ఈనాడు ఫోనులో కృత్రిమ మేధను అడిగితే ప్రోగ్రాం అదే రాసి ఇస్తుంది గదా, ఇంత శ్రమ ఎందుకు అనునది. మేము కూడా అడిగి చూచినాము. చక్కగానే రాసి ఇస్తుంది. అయితే రాసి ఇచ్చినది సరియా కాదా అని ఎవరు చెప్పవలెను? రాయుట సులభమైన కొద్దీ చదివి తప్పు పట్టుట విలువైనది అవుతుంది. కంఠస్థం చేసినవానిని యంత్రం ఇంటికి పంపుతుంది. అర్థం చేసుకున్నవానిని పనిలో ఉంచుతుంది. మూడవది, ప్రశ్నల తీరు మార్చితే ఉత్తీర్ణత తగ్గును, కళాశాల పేరు పోవును అనునది. మొదటి సంవత్సరం కొంత తగ్గవచ్చు. దానిని మేము దాచడం లేదు. కాని పట్టా చేత పట్టుకొని నగరానికి పోయిన మా అన్నలు ఉద్యోగ పరీక్షలో మొదటి ప్రశ్న దగ్గరే వెనుదిరిగి వచ్చుట కంటె, ఇక్కడ ఒక ప్రశ్న దగ్గర తడబడి నేర్చుకొనుట మేలు కాదా?

ఈ లోపానికి అధ్యాపకులను మాత్రమే బాధ్యులను చేయుట న్యాయం కాదు. వారు కూడా విధించిన చట్రంలోనే పని చేస్తున్నారు. ఒక్క యంత్రం ముందు ముగ్గురు విద్యార్థులు కూర్చున్నప్పుడు మీటలు నొక్కేవాడు ఒక్కడే, మిగిలిన ఇద్దరు ప్రేక్షకులు. మా తప్పు కూడా లేకపోలేదు. అర్థం కాలేదని నిలబడి అడుగుటకు సిగ్గుపడి, రికార్డు పూర్తి చేసుకుంటే చాలునని మేమే తృప్తి పడినాము.

కనుక కళాశాల కమిటీ వారి సమక్షంలో మూడు విన్నపాలు ఉంచుతున్నాము. ఇందులో పెద్ద ఖర్చుతో కూడినది ఏదీ లేదు. మొదటిది, కళాశాల స్థాయిలో జరిగే ప్రయోగ పరీక్షలలో సగం మార్కులు ముందుగా చూడని ఒక చిన్న ప్రోగ్రాం చదివి, దాని ఫలితమేమో కాగితం మీద చెప్పుటకు కేటాయించవలెను. ఒక ‘బ్రేక్’ తీసివేసి, ఇప్పుడు తెరపై ఏమి వచ్చునని అడిగితే చాలు. ఎవరికి తెలిసినదో ఎవరికి తెలియనిదో ఐదు నిమిషాలలో బయటపడుతుంది. రెండవది, ప్రయోగ తరగతులను ఉదయపు వేళకు మార్చవలెను. ప్రస్తుతం అవి చివరి పీరియడ్లలో ఉండుట వల్ల దూరపు గ్రామాల వారు, ముఖ్యంగా విద్యార్థినులు, బస్సు తప్పిపోవునను భయంతో సగంలోనే లేచి పోతున్నారు. కోనరావుపేట వైపు బస్సు తప్పితే ఇంటికి చేరుట ఎంత కష్టమో ఆ దారిలో తిరిగేవారికే తెలుసు. మూడవది, మొదటి సంవత్సరం వారి కోసం ఆంగ్ల పదాలకు తెలుగు, ఉర్దూ వివరణలతో ఒక చిన్న పుస్తకం తయారు చేయుటకు అనుమతి ఇవ్వవలెను. రాయు శ్రమ మాది. అచ్చు వేయకపోయినా గోడపత్రికగా అంటించినా చాలు. ఉర్దూను తెలంగాణ ప్రభుత్వం 2017లో రాష్ట్రమంతటికీ రెండవ అధికార భాషగా చేసినది; ఆ గౌరవం కార్యాలయాల బోర్డుల మీద ఆగిపోక ప్రయోగశాల గోడ మీదికి కూడా రావలెనని మా కోరిక.

తమ్ములకు, చెల్లెళ్ళకు కూడా ఒక మాట. మీ రికార్డులోని ‘స్విచ్’ ప్రోగ్రాం తీసి, ఒక్కొక్క ‘బ్రేక్’ను తొలగించి నడిపి చూడండి. నడుపక ముందే ఫలితమేమో కాగితం మీద రాసుకోండి. మీరు రాసినదీ తెర చూపినదీ ఒకటి కాకపోతే సిగ్గుపడవద్దు, అక్కడే మీ చదువు మొదలైనదని తెలుసుకోండి. ప్రయోగశాలలో యంత్రం దొరకకపోతే ఫోనులో సి ప్రోగ్రాములు నడిపే ఉచిత సాధనాలు ఉన్నవి. బస్సులో కూర్చున్న సమయం కూడా వృథా కాదు. ప్రతి ప్రోగ్రాం చివర ‘డిఫాల్ట్’ తప్పక రాయండి. రాయునప్పుడు ఎవరిని మరచినాను అని ఒక్క క్షణం ఆలోచించండి.

మా మిత్రుడు ఆ పరీక్షలో తక్కువ మార్కులతో గట్టెక్కినాడు. కాని ఈనాడు మా తరగతిలో ఎవరి ప్రోగ్రాం నడవకపోయినా అందరూ వెళ్ళేది అతని దగ్గరకే. పరీక్షలో తప్పిన ఆ నాలుగు ‘బ్రేక్’లే అతనికి గురువులైనవి. పూర్తి మార్కులు వచ్చిన మాకు ఆ గురువులు రెండు సంవత్సరాలు ఆలస్యంగా దొరికినారు. మా తరువాత వచ్చేవారికి అంత ఆలస్యం కారాదను ఆశతోనే ఈ నాలుగు మాటలు రాసినాము. కమిటీ పెద్దలు దయతో ఆలోచింతురు గాక.